చిన్న యింజనుల చరిత్ర – బలము పెంచు విద్య

అరణ్యపర్వమునందలి నలోపాఖ్యానము మన పల్లెలలో వినని వారుండరు. బాహుకుడను మారుపేరుతో నలుడు అయోధ్యాపతి యగు ఋతుపర్ణునికి సారథియై, ఒక్క దినములో విదర్భ చేరవలసి రథము తోలుచుండెను. దారిలో రాజు ఉత్తరీయము జారిపడినది. రథము నాపుమని రాజు పలుకునంతలో అది యోజన దూరము వెనుకబడెను. అంతట రాజు తన విద్యయు చూపదలచి, త్రోవలోని తాండ్రచెట్టును చూచినంతనే దాని ఆకులను, కాయలను లెక్క చెప్పెను. నలుడు రథము దిగి, చెట్టును పడగొట్టి, లెక్కించి చూడగా ఆ లెక్క తప్పలేదు. సారథి అశ్వహృదయము నిచ్చుటకు ఒప్పుకొని, రాజునుండి అక్షహృదయము గ్రహించెను. గుఱ్ఱమును నడుపు విద్యయు, లెక్కించు విద్యయు ఒకదాని నొకటి వెదకికొనిన కథ యిది. చిన్న యింజనుల చరిత్ర చదివినవారికి ఈ కథ పదే పదే తలపునకు రాకమానదు.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములు వానకు మొగము వాచిన సీమ. పెన్నయు, చిత్రావతియు, పాపఘ్నియు పేరునకు నదులే గాని యేడాదిలో అనేక మాసములు ఇసుక మేటలే. 19వ శతాబ్దమున త్రవ్విన కర్నూలు–కడప కాలువ ప్రొద్దుటూరు వైపు కొంత భూమిని తడుపుచున్నది. తక్కిన చేలకు పూర్వము బావియే దిక్కు. బావిపై కపిల, కపిలకు రెండెద్దులు, ఎద్దుల వెనుక నొక మనిషి — తరతరముల యంత్రశాల యిదియే. తోలుబాన నిండి పైకి వచ్చుటకు ఎద్దులు వాలున దిగవలెను. మరల వెనుకకు నడువవలెను. తెల్లవారుజామున కట్టిన జత ఎండ ముదురునప్పటికి అలసి నిలుచును. ఎద్దునకు మించిన బల మెక్కడ దొరకునను ప్రశ్న నాటి రైతునకు ఊసుపోక ముచ్చట కాదు. ఇంటిలోని గింజల లెక్క.

ఆ ప్రశ్నకు తొలి సమాధానము చెన్నరాజధానిలోనే వెలువడినది. ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అను ఇంజనీరు 20వ శతాబ్దపు తొలి యేండ్లలో బావులపై ఆయిలింజనును, పంపును అమర్చి పరీక్షలు జరిపి, ఇంత నీటికి ఇంత ఖర్చని లెక్క కట్టి రైతులకు చూపెను. నాడు కడప జిల్లా ఆ రాజధానిలోనిదే. పిమ్మట వచ్చిన ఆయిలింజనులలో ఇంగ్లండునందలి లిస్టరు వారి మాదిరి ప్రసిద్ధమైనది. ఆ మాదిరినే గుజరాతునందలి రాజకోట కార్ఖానాలు దేశమంతటికి పంపెను. దాని చక్రము నిమిషమునకు 650 చుట్లు మాత్రమే తిరుగును. బరువు హెచ్చు, తొందర తక్కువ, ఆయువు దీర్ఘము. ఈ యింజనుతో పాటే గ్రామములలో ఇంజను మేస్త్రి యను క్రొత్త వృత్తి పుట్టినది. శబ్దము విని జబ్బు చెప్పుట, రింగులు మార్చుట, వాల్వులు అరగదీసి కూర్చుండబెట్టుట — ఇదంతయు వారు పుస్తకము చూచి నేర్చినది కాదు. చేతిలోనుండి చేతిలోనికి వచ్చినది. విద్యుత్తు మోటార్లు వచ్చి ఆయిలింజనులు మూలబడిన తరువాతను ఆ విద్య నశింపక, రెండు చక్రముల బండ్ల షెడ్డులలోనికి చేరినది.

ఆ బండ్ల యింజను వంశము వేఱు. 1876లో జర్మనీ దేశమున నికొలాస్ ఆటో నాలుగు స్ట్రోకుల యింజనును నడిపెను. పీల్చుట, అదుముట, పేలుట, వదలుట — ఈ నాలుగు పనులకు ఇరుసు రెండు చుట్లు తిరుగవలెను. స్కాట్లండు వాడగు డ్యుగాల్డ్ క్లర్క్ 1881లో పేటెంటు పొందిన యింజను ప్రతి చుట్టునకు ఒకమారు పేలునట్టిది. కాని దానికి తోడుగా మఱియొక పంపు కావలసియుండెను. 1891లో ఇంగ్లండునందలి బాత్ పట్టణమున జోసెఫ్ డే యనునతడు ఇరుసు తిరుగు పెట్టెనే పంపుగా మలచెను. పిస్టను పైకి పోవునప్పుడు ఆ పెట్టె గాలిని, పెట్రోలును పీల్చును. క్రిందికి వచ్చునప్పుడు దానిని సిలిండరులోనికి నెట్టును. పిమ్మట స్థిరపడిన మాదిరిలో వాల్వులు లేవు, పిస్టనే సిలిండరు గోడలోని రంధ్రములను మూయుచు తెఱచుచుండును. ముఖ్యముగ కదలు భాగములు మూడే — పిస్టను, కనెక్టింగు రాడ్డు, ఇరుసు. పల్లె మేస్త్రి చెట్టు నీడన గోనెపట్టాపై విప్పి బిగింపగలిగిన యింజను ఇట్లు పుట్టినది.

ఇందొక దొంగదారి కలదు. కాలిన పొగ బయటకు పోవు రంధ్రమును, క్రొత్త పెట్రోలు లోనికి వచ్చు రంధ్రమును ఒకే వేళ తెఱచియుండుటచే, కాలకుండగనే కొంత పెట్రోలు పొగతో కూడ వెడలిపోవును. ధాన్యము కొలుచునప్పుడు అడుగున చిల్లి యున్న కుంచము వంటిది యిది. జర్మనీలోని అడాల్ఫ్ ష్నూర్లే 1920 దశకమున లోనికి వచ్చు రంధ్రములను ఇరుప్రక్కల ఏటవాలుగా పెట్టి, క్రొత్త వాయువు వెనుక గోడకు తగిలి సుడి తిరిగి వచ్చునట్లు చేసెను. చిన్న యింజను బలము పెంచు విద్య యంతయు ఈ చిల్లిని మూయుట కొఱకు జరిగిన కృషియే యనవచ్చును.

చిన్న యింజనును చిన్న బండికి బిగించు నలవాటు రెండవ ప్రపంచ యుద్ధమునుండి బలపడినది. 1942లో బ్రిటిషు వారు విమానములనుండి గొడుగులతో దిగు సైనికుల కొఱకు వెల్‌బైక్ అను మడత బండిని చేయించిరి. 98 సి.సి. విలియర్స్ యింజను, 32 కిలోల బరువు. మడచి గొట్టపు పెట్టెలో పెట్టి ఆకాశమునుండి క్రిందికి వదలుచుండిరి. ఇది మినీ బైకు లన్నిటికిని పూర్వజ మనదగినది. యుద్ధము ముగిసినంతనే, 1946లో, జపానునందు సోయిచిరో హోండా సైన్యము వదలిన వైర్‌లెస్ జనరేటరుల చిన్న యింజనులు సుమారు 500 సంపాదించి, మార్పులు చేసి సైకిళ్ళకు బిగించి అమ్మెను. లోకప్రసిద్ధమైన ఆ సంస్థకు మూలధనము పాత యింజనులను పనికి తెచ్చు నేర్పే. అదే సంస్థ 1961లో పిల్లల వినోద వనమున నడుపుటకు 49 సి.సి. చిట్టిబండి నొకటి చేయగా, దానిపై కూర్చున్నవారు కోతివలె కనబడుటచే దానికి మంకీ యను పేరు స్థిరపడినది.

రాయలసీమకు ఈ విద్య దూరదేశపు వార్తగా మిగిలిపోలేదు. 1960 దశకమున తిరుపతిలో మోపెడ్స్ ఇండియా వారు ఫ్రాన్సునందలి మోటోబెకేన్ సంస్థ సహకారముతో సువేగ యను మోపెడును తయారుచేసిరి. 1972లో పూణె కైనెటిక్ వారి లూనా వచ్చెను. 1980లో తెలుగువారు విస్తారముగ నివసించు హోసూరునుండి టి.వి.ఎస్. 50 వెలువడెను, ఇద్దరు కూర్చుండదగిన మోపెడు గనుక అది పల్లెలను గెలుచుకొనినది. పాలక్యానులు, పచ్చిగడ్డి మోపులు, కూరగాయల గంపలు, బట్టల మూటలు — బండిచక్రము మోసిన బరువంతయు ఈ చిట్టి చక్రములపై కెక్కినది. ఎద్దులకు గడ్డి వేయలేని యింట సైతము లీటరు పెట్రోలు పోయవచ్చును గదా! పొగ నియమములు కఠినము లగుటచే, 2015లో నాలుగు స్ట్రోకుల ఎక్స్.ఎల్. 100 వచ్చినది, కొన్ని యేండ్లలో రెండు స్ట్రోకుల క్రొత్త మోపెడులు అంగళ్ళలో కనబడుట మానినవి. మిగిలిన పాత యింజనులు ఇనుప సామానుల వారి తూకమునకు పోవుచున్నవి. లేదా ఉత్సాహవంతులగు యువకుల చేత పడుచున్నవి. వారు గొట్టములు వెల్డింగు చేయించి చిన్న చట్రము చేసి, పాత యింజనును బిగించి, దాని వేగము పెంచ జూతురు. ఈ కోరికను కేవలము ఆకతాయితన మని త్రోసివేయుట తగదు. హోండా మొదలుపెట్టినది అక్కడనే. కాని ఆ కోరికకు లెక్క తోడు కావలెను.

లెక్క చూతము. మోటోబెకేన్ వారి ప్రసిద్ధమైన 50 సి.సి. తరగతి యింజనులో సిలిండరు అడ్డుకొలత 39 మిల్లీమీటర్లు, పిస్టను నడచు దూరము 41.8 మిల్లీమీటర్లు. ఘనపరిమాణము 49.9 సి.సి. బోరు చేయించి ఒక మిల్లీమీటరు పెంచినచో 52.5 సి.సి. యగును, అనగా నూటికి అయిదు వంతుల లాభము. సిలిండరు గోడ పలుచనగును. మఱియొకమారు బోరు చేయుటకు ఇనుము మిగులదు. అరిగిన సిలిండరును బాగుచేయుటకు బోరు తప్పనిసరి. బలము కొఱకు మాత్రము అది చాల చిన్న జమ.

రెండవది హెడ్డు అరగదీయించుట. అదుము నిష్పత్తి 7 ఉన్న అట్టి యింజను హెడ్డులో ఖాళీ 8.3 సి.సి. లుండును. ఒక మిల్లీమీటరు మందము తీసినచో ఆ ఖాళీ 7.1 సి.సి. లై, నిష్పత్తి 8 అగును. శాస్త్రము చెప్పు లాభము నూటికి నాలుగు వంతులే. వేడిమి మాత్రము హెచ్చును; పెట్రోలు మంట తన్ను చేరకముందే తనంతట పేలి, లోపల సుత్తితో కొట్టినట్లు టకటక శబ్దము వచ్చును. ఆ శబ్దమును లక్ష్యపెట్టనిచో పిస్టను నెత్తిన చిల్లి పడుట నిశ్చయము.

మూడవది గాలి, పెట్రోలుల పొత్తు. రమారమి 15 భాగముల గాలికి ఒక భాగము పెట్రోలు తూకమున కావలెను. కార్బురేటరు జెట్టు పెద్దదైన పొగయు, మసియు. చిన్నదైన వేడిమియు, నాశనము. మేస్త్రులు ప్లగ్గు విప్పి రంగు చూచి యీ సంగతి చెప్పుదురు: కాఫీపొడి వంటి గోధుమరంగు ఆరోగ్యము, నలుపు అజీర్ణము, తెలుపు జ్వరము. ఇది నిజముగా అశ్వహృదయమే. కొందరు గాలి బాగుగ ఆడునని ఫిల్టరు తీసివేయుదురు. ఎఱ్ఱగుంట్ల చుట్టుపట్ల నాపరాతి గనుల దుమ్ము, జమ్మలమడుగు నల్లరేగడి ధూళి, పులివెందుల ఎఱ్ఱనేల పొడి సిలిండరులోనికి పోయిన, అది ఆకురాయితో రాచినట్లే. చక్కగ వందల యేండ్లు నిలిచిన గండికోట బురుజులున్న సీమయే గాని, ఫిల్టరు లేని పిస్టను ఇచ్చట ఒక వేసవి నిలుచుట కష్టము. మఱియు 15 డిగ్రీల గాలి కంటె 45 డిగ్రీల గాలి నూటికి తొమ్మిది వంతులు పలుచన. చలిదేశమున వ్రాసిన జెట్టు కొలత మన మే మాసమునకు సరిపోదు.

నాలుగవది పొగగొట్టము. ఇందే అసలు రహస్య మున్నది. తూర్పు జర్మనీలో షోపావు పట్టణమునందలి ఎం.జెడ్. కార్ఖానాలో వాల్టర్ కాడెన్ అను ఇంజనీరు 1950 దశకమున దీనిని సాధించెను. అతనికి ధనము లేదు, మేలైన లోహములు లేవు. లెక్కయు, ఓపికయు మాత్రమే కలవు. పొగ రంధ్రము తెఱచుకొనగనే ఒక ఒత్తిడి అల గొట్టములో పరుగిడును. గొట్టము క్రమముగ వెడల్పగు చోట ఆ అల వెనుకకు పీల్పుగా మరలి సిలిండరులోని పాత పొగను లాగును. మరల సన్నమగు చోట ఒత్తిడిగా మరలివచ్చి, తప్పించుకొన జూచు క్రొత్త పెట్రోలును లోనికి నెట్టును. కుంచము చిల్లిని కనబడని చేయి యొకటి మూసినట్లు! 1961 నాటికి అతని 125 సి.సి. యింజను 25 అశ్వబలము లిచ్చినది. సామాన్యపు మోపెడు 50 సి.సి. కి రెండు మూడు అశ్వబలములే. ఆ యేడు సెప్టెంబరులో కాడెన్ పందెగాడు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెమునుండి పడమటి దేశమునకు పారిపోయి సుజుకీ వారి కొలువున చేరెను. 1962లో 50 సి.సి. తరగతి తొలి ప్రపంచ విజేత యయ్యెను. ఒక గొట్టము లెక్క కొఱకు దేశములు పోటీపడిన కాల మది.

మఱి ఆ గొట్టమునే ఇచ్చటి చిట్టిబండికి బిగింపరాదా? ఇచ్చటనే ఋతుపర్ణుడు కావలెను. నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు యింజనుకు ఒక్క చుట్టు సెకనులో నూరవ వంతు. పొగ రంధ్రము 160 డిగ్రీలు తెఱచియున్న, ఆ వ్యవధి సెకనులో వేయింట నాలుగున్నర వంతులు. వేడి పొగలో అల సెకనుకు సుమారు 500 మీటర్లు పోవును. కావున పోయి వచ్చుటకు దానికి 2.2 మీటర్ల దారి, అనగా ఒక వైపు 1.1 మీటరు, మాత్రమే అవకాశము. ఈ పొడవు ఆ ఒక్క వేగమునకే సరిపోవును. చుట్లు తగ్గినచో అల వేళ తప్పి వచ్చి సాయమునకు మారుగా అడ్డుపడును. పందెపు యింజను పై వేగమున సింహము, క్రింది వేగమున పిల్లి. ఎఱ్ఱమల కొండల వాలుపై గడ్డిమోపుతో ఎక్కవలసిన బండికి కావలసినది క్రింది బలమే. పైగా పందెపు యింజనులను పందెము పందెమునకు విప్పి భాగములు మార్చుదురు. సంసారి బండి కది తగదు.

ఖర్చు ప్రక్క మఱి రెండు పద్దులు కలవు. గాలి యెదురొత్తునకు కావలసిన బలము వేగము యొక్క ఘనము ననుసరించి పెరుగును. యింజను బలము రెండింతలు చేసినను గాలి నెదిరించుటలో వేగము నాలుగవ వంతే హెచ్చును. కాని 40 కిలోమీటర్ల వేగమునుండి 60 కి పోయిన బండిని నిలుపుటకు బ్రేకులు మ్రింగవలసిన శక్తి రెండుంబావు రెట్లు. మోపెడు డ్రమ్ము బ్రేకులు, సన్నని టైర్లు, వెల్డింగు చట్రము దానికై చేయబడినవి కావు. యింజను తప్పు చేసిన పిస్టను పోవును. బ్రేకు తప్పు చేసిన ఇంటి బిడ్డ పోవును. పిస్టను ప్రొద్దుటూరు అంగడిలో దొరకును.

అందుచేతనే 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగ బండిని మార్చుట నిషేధించినది. 2019 సవరణతో అట్లు మార్చిన యజమానికి ఆరు నెలల వరకు ఖైదు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పదునారేండ్ల పిల్లలకు చట్టము అనుమతించునది గేర్లు లేని 50 సి.సి. లోపలి బండినే. ఒక మిల్లీమీటరు బోరుతో ఆ హద్దు దాటిపోవుట పైన చూచితిమి. కావున పరీక్షకై చేసిన చిట్టిబండికి మూసిన మైదానమే చోటు. తలకు హెల్మెట్టు తప్పదు.

అయినచో పాత యింజను బలము పెంచు మార్గమే లేదా? కలదు, అది చాలవఱకు పోయిన బలమును తిరిగి తెచ్చుట. ఏండ్ల తరబడి నడచిన రెండు స్ట్రోకుల యింజనులో పొగ రంధ్రమును, సైలెన్సరును మసి పూడ్చివేయును. కొయ్యపుల్లతోనో, మెత్తని రేకుతోనో గీరి శుభ్రము చేసిన మాత్రముననే బండి క్రొత్త ప్రాణము పోసికొనును. అరిగిన రింగులు మార్చుట, ఇరుసు ప్రక్క సీళ్ళు గాలి పోకుండ చూచుట, నిప్పురవ్వ వేళ సరిదిద్దుట, తయారీదారు చెప్పిన పాలున నూనె కలుపుట — వీనికి ఖర్చు స్వల్పము, లాభము స్థిరము. వెనుక పండ్లచక్రము 33 పండ్లకు మారుగా 36 పండ్లది వేసిన లాగుబలము నూటికి తొమ్మిది వంతులు పెరిగి, వేగము ఎనిమిది వంతులు తగ్గును. చిన్న చక్రముల చిట్టిబండి చురుకుగా కదలుటకును కారణ మిదియే. ఇచ్చట ఒక దానిని ఇచ్చి మఱియొక దానిని పుచ్చుకొనుటయే గాని ఊరక వచ్చునది లేదు. జమ వ్రాసినవాడు ఖర్చు కూడ వ్రాయవలెను.

నేడు పులివెందులలో 2006లో స్థాపింపబడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల కలదు. అచ్చట అలల లెక్క చెప్పగల విద్యార్థులున్నారు. బజారు షెడ్డులలో శబ్దము విని జబ్బు చెప్పు మేస్త్రులున్నారు. వీరు వారి తలుపు తట్టుట లేదు. వారు వీరి వాకిట నిలుచుట లేదు. మేస్త్రులలో పెద్దవారు ఒక్కొక్కరుగా తరలిపోవుచున్నారు. వారు వ్రాసిన కాగితము లేదు, వారి విద్యకు నకలు లేదు. సువేగ యింజను చేయించిన కార్ఖానా వలెనే ఆ చేతులును జ్ఞాపకముగ మారక ముందే వారి మాటలను వ్రాసి పెట్టుట అవసరము.

ఆ పనికి గ్రామ గ్రంథాలయమును మించిన చోటు లేదు. పురాణములు, నవలలు ఉన్న బీరువాలోనే ఇంజను విప్పు పుస్తక మొకటి యుండవచ్చును. దాని ప్రక్కన మేస్త్రి నోట విని విద్యార్థి వ్రాసిన నోటుపుస్తక మొకటి యుండవచ్చును. ఇరువదియైదేండ్లు నిండిన యీ గ్రంథాలయమున చందాదారులలో షెడ్డు మేస్త్రి పేరు కూడ చేరుట, ఒక సాయంకాలము ఆ బల్లపై పాత పిస్టను నొకటి పెట్టి పదిమంది పిల్లలు దాని కొలతలు తీసికొనుట, రాబోవు యేండ్ల జమాఖర్చులలో మొదటి జమగా వ్రాయదగిన విషయము.